బండెక్కిన అలుక

మా అత్తగారిల్లు జగిత్యాల. ఆ ఇంట్ల దసరా నాడు యాటకూర ఉడుకుడు ఎంత ఖాయమో, ఎవడో ఒకడు అలుగుడు గూడ అంతే ఖాయం. కూర ఒకయేడు మాడింది, ఇంకొకయేడు ఉప్పు ఎక్కువైంది, గని అలుక మాత్రం ఎన్నడు తప్పలే. నేను కోరుట్ల పిల్లను. పెండ్లయినంక మొదటి దసరాకు గీ తమాషా చూసి, ఏదో పెద్ద లొల్లే అయిందనుకొని భయపడి వంటింట్లకు ఉరికిన. ఆడ మా యారాలు, అంటే మా బావ పెండ్లాం, బగార కలుపుతున్నది. ఆమెది సిరిసిల్ల. నేను అక్కా అంటనే పిలుస్త. తల గూడ ఎత్తకుంట, "ఏం గాదు చెల్లె. బగారల పుదీన ఎట్లనో వాళ్లకు గది గట్ల. లేకుంటే పండుగ అనిపియ్యది" అన్నది.

అలుగుట్ల మా ఇంటల్లుని మించినోడు లేడు. మా ఆడబిడ్డ పెనిమిటి. మెట్‌పల్లిల ఉంటరు. ఒక్కతే ఆడబిడ్డ, ఒక్కడే అల్లుడు, ఇగ చూస్కోండ్రి. దసరా నాడు పొద్దుగాల్నే అస్తరు. కార్జం వేపుడు తినేదాక మనిషి మంచిగనే ఉంటడు, నవ్వుతడు, అందరినీ పలకరిస్తడు. సరిగ్గ బంతి ఏసి పల్లేలు పెట్టే యాల్లకు ఏదో ఒక మాట దొరుకుతది. లేస్తడు. బూట్లు ఏసుకుంటడు. గేటు ముంగట పెట్టిన తన బండి మీద ఎక్కి కూసుంటడు. చావి పెడుతడు. పెట్టి, తిప్పడు. ఆఖరికి హెల్మెట్ పెట్టుకుంటడు. తొవ్వల పోలీసోళ్లు ఆపినా పెట్టుకోనోడు, మా గేటు ముంగట ఆగి ఉన్న బండి మీద మాత్రం బెల్టు గూడ బిగించి కూసుంటడు. హెల్మెట్ల బతిలాడేది వినవడదు గదా, అందుకని బతిలాడేటోళ్లు గట్టిగ ఒర్లాలె. వాడకట్టంత వినాలె. ఆయనకు కావల్సింది గదే.

కారణాలు అడుగుతే సిగ్గు పోతది. ఒకయేడు యాటను కొనేటప్పుడు తనను అడగలేదని అలిగిండు. మళ్లచ్చే యేడు అడిగిండ్రు, గని ఫోన్ల అడిగిండ్రని అలిగిండు. ఇంకోసారి పల్లెంల మెడతునక ఏసిండ్రని. ఒక్కయేడైతే బండెక్కి కూసున్నంక ఎందుకు అలిగిండో ఆయనే మర్చిపోయిండు. మా మామనే పోయి, "అల్లుడా, గా పాపడాల ముచ్చటకేనా?" అని యాది చేసిండు. "ఆఁ, గదే" అన్నడు. నేను కిటికి కాడ నిలవడి నా చెవులతోని విన్న ముచ్చట ఇది, అబద్ధం గాదు.

బతిలాడుటానికి గూడ ఒక వరుస ఉంటది. ముందుగాల మా ఆయన పోతడు. హ్యాండిల్ మీద చెయ్యేసి, "ఏంది బావా, లే, తిందాం" అంటడు. అది లెక్కల రాదు, అలుక మొదలైందని వాడకట్టుకు చెప్పుడంతే. వెనుక మా బావ పోతడు. ఆయనకు బతిలాడే మాటలు రావు. టైరును కాలితోని తన్ని, "గాలి తక్కువున్నట్టుంది బావా" అని నిలవడుతడు. తర్వాత మా అత్తమ్మ పల్లెం పట్టుకొని పోతది. పల్లెంల మీదికెళ్లి మూలుగ బొక్క కనవడేటట్టు పెడుతది, వాసన హెల్మెట్లకు పోవాలె గదా. అందరికంటే ఆఖరికి మా మామ. భుజం మీద తువ్వాల సర్దుకుంట గేటు దాక నడిచి, ఒక్కసారి దగ్గి, "అల్లుడా, పండుగపూట నా గడప ముంగట ఆకలితోని కూసుంటవా? లోకం నవ్వది?" అంటడు. గప్పుడు హెల్మెట్ ఊడుతది. అత్తమ్మ కండ్లు తుడుసుకుంటది. పెండ్లి పిలగాన్ని తోల్కొని అచ్చినట్టు తోల్కొని అస్తరు.

అల్లుడు ముద్ద ముట్టంది ఇంట్ల ఎవలు ముట్టద్దు. అది మా మామ పెట్టిన కట్టుబాటు. వాళ్లకేంది, కార్జం తిని, తాగి, బతిలాడుకుంట కూసుంటరు. వంటింట్ల చచ్చేది మేమిద్దరం. కూర సల్లారితే మళ్ల ఎచ్చవెట్టాలె. ఎచ్చవెడితే అడుగంటుతది. అడుగంటితే ఇంకొకడు అలుగుతడు. మా మామ అలుగుతే కుర్చీని గోడ దిక్కు తిప్పుకొని కూసుంటడు. మా బావ అలుగుతే డాబా ఎక్కుతడు. ఎవల జాగ వాళ్లకున్నది, ఒకల జాగల ఒకలు అలగరు, గంత మర్యాదున్న కుటుంబం మాది.

మా ఆయన పెండ్లయిన కొత్తల గీ అలిగే ఇద్దెను మా కోరుట్లల సూపెట్టబోయిండు. మా అమ్మ పప్పుల కారం ఎక్కువేసిందని లేసి పోయి అరుగు మీద కూసున్నడు. మా ఇంట్ల గా అలవాటు లేదు. అలిగిండని ఎవలికీ తెల్వలే. మా అన్న ఆయన పల్లెంల కోడికాలు చూసి, "బావకు ఆకలి లేనట్టుంది" అని తీసుకొని తిన్నడు. జరసేపటికి మా ఆయనే లేసచ్చి, చెయ్యి కడుక్కొని, ఏం కానట్టు కూసున్నడు. అప్పటిసంది కోరుట్లల ఆయనకు ఏ కూరైనా కమ్మగనే ఉంటది.

ఇగ ఆడోళ్ల ముచ్చట. మా అత్తగారింట్ల ఆడోళ్లు అలగరు. ఆడోళ్లకు తలకాయ నొస్తది. ఒక దసరాకు నాకు నిజంగనే కోపమచ్చి, గంటె ఆడ పారేసి పోయి అర్రల కూసున్న. నన్ను గూడ ఎవలన్న బతిలాడుతరేమో, మూలుగ బొక్క పట్టుకొని అస్తరేమో అని చూసిన. అత్తమ్మ అచ్చింది. చేతిల తలనొప్పి గోలి, మంచినీళ్లు. "ఏస్కొని జల్ది లే బిడ్డా, బగార దించాలె" అన్నది. ఆ గోలి పండ్లు కొరుక్కుంట మింగిన.

అక్క మాత్రం ఎన్నడు గంటె పారెయ్యలే. ఆమెకు కోపం లేక గాదు, ఆమె కావాలనుకున్నది వేరే. సిరిసిల్లల వాళ్లింట్ల దసరా తిండి రాత్రి పూట. జమ్మి పెట్టుకొని అచ్చినంక అక్కజెల్లెండ్లు, తమ్ముడు అందరు ఒక్క బంతిల కూసోని తింటరు. పెండ్లయిన కాడికెళ్లి అక్క ఆ బంతిల కూసోలే. ప్రతి యేడు అడుగుతది. మామ "చూద్దాం బిడ్డా" అంటడు. అత్తమ్మ "వచ్చే యేడు పో" అంటది. బావ "అమ్మనడుగు" అంటడు. అసలు ముచ్చటేందంటే, ఆడబిడ్డ ఇంటికచ్చే దినం పెద్దకోడలు ఇంట్ల లేకుంటే ఎట్ల అని. సిరిసిల్లల అక్క గూడ ఒక ఆడబిడ్డనే అన్న సంగతి ఆ ఇంట్ల ఒక్క బుర్రకు తట్టలే. పండుగైనంక తీరిగ్గ పంపుతరు. ఆమె పోయేసరికి చెల్లెండ్లు వాళ్ల వాళ్ల ఇండ్లకు పోయి ఉంటరు, ఫ్రిజ్జుల మిగిలిన కూర ఉంటది.

"ఇంకొకలు వండింది, ఇంకొకలు వడ్డిస్తే, కూసోని తినాలె చెల్లె. గంతే" అని ఒకసారి నాతోని అన్నది. గింత చిన్న కోరిక విని నాకు ఏడుపచ్చింది, ఆ వెంటనే వీళ్ల మీద పీకల దాక కోపమచ్చింది.

పోయినసారి దసరాకు అక్క ఎవలికీ సందు ఇయ్యకుంట అడిగింది. పొద్దుగాల వంటంత చేస్త, మధ్యాహ్నం అందరికి వడ్డిస్త, అటెనుక బస్సుకు పోయి రాత్రి తిండికి సిరిసిల్లల అందుకుంట అన్నది. కాదనుటానికి ఏం దొరకలే. మామ సరే అన్నడు. అత్తమ్మ సరే అన్నది. బావ అమ్మ సరే అన్నదని సరే అన్నడు. అక్క ఆ మాట నమ్మలేక పండుగ దాక నన్నే అడిగింది, "నువ్వు గూడ విన్నవు గదా? సరే అన్నరు గదా?" అని. విన్న అక్కా, అందరు అన్నరు అని ఎన్నిసార్లు చెప్పిన్నో.

పండుగ నాడు తెల్లారకముందే పొయ్యి ముట్టిచ్చింది. యాటకూర, బోటి, బగార, గారెలు, అన్నీ ఒక్కచేతి మీద లాగింది. నన్ను ఉల్లిగడ్డలు కొయ్యనిచ్చింది, గంటె మాత్రం ఇయ్యలే. సంచి తలుపెనుక సర్ది పెట్టుకున్నది. సిరిసిల్ల దిక్కు బస్సులు పండుగనాడు తక్కువ, మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్ల పొద్దు గూకినంకనే. అది అందరికి ఎరుకే.

బంతి ఏసే యాల్ల అయింది. అల్లుడు కార్జం తునక ఒకటి నోట్లేసుకొని, "గిది పొట్టేలేనా? మేక అసొంటిది రుచి" అన్నడు. మా బావ నవ్విండు. వేరే ఏమనలే, నవ్విండంతే. చాలు. అల్లుడు లేసిండు. బూట్లు. బండి. చావి. హెల్మెట్. వంటింటి కిటికిల నుంచి ఆ హెల్మెట్ కనవడంగనే అక్క మొఖం సున్నం ఏసినట్టు అయింది.

ఇగ బతిలాడుడు షురువైంది. ఆ దినమే మా ఆయనకు ఎక్కడలేని తీరిక. చెయ్యి కడుక్కున్నడు, తుడుసుకున్నడు, ఫోన్ చూసుకున్నడు, గప్పుడు పోయిండు. ఆయన మళ్లచ్చిందాక బావ కుర్చీ మీదికెళ్లి లేవలే. అక్క తలుపు కాడికచ్చి బావతోని మెల్లగ, "జర జల్ది బతిలాడుండ్రి, బస్సు పోతది" అన్నది.

బావకు ఆ మాట విచిత్రమనిపించింది. "బతిలాడుట్ల జల్ది ఏందే? తొందర తొందర బతిలాడితే ఆయనకు ఇజ్జత్ ఉంటదా?" అన్నడు. అని టైరు తన్ననీకి పోయిండు.

అక్క అత్తమ్మ దిక్కు తిరిగింది. "అత్తమ్మా, అన్నీ దించి పెట్టిన. చెల్లె వడ్డిస్తది. నేను పోత."

అత్తమ్మ పల్లెంల మూలుగ బొక్కను సర్దుకుంటనే అన్నది, "ఇంటల్లుడు తినంది పెద్దకోడలు గడప దాటుతదా? బస్సు రేపు గూడ ఉంటది."

నా నోట్లకు ఎంత మాట అచ్చిందో నాకే తెలుసు. అక్క నా చెయ్యి పట్టుకొని ఆపింది. పొయ్యి బందు చేసింది. కుక్కర్ మీద మూత సర్దింది. చేతులు కడుక్కున్నది. అర్రల పోయి పచ్చచీర కట్టుకొని, తల దువ్వుకొని, సంచి పట్టుకొని బయటికచ్చింది. అత్తమ్మ అప్పటికే పల్లెం పట్టుకొని బండి కాడ నిలవడ్డది. అక్క ఆమె పక్కకెళ్లి పోయి అల్లుని ముంగట నిలవడ్డది.

అల్లుడు హెల్మెట్ అద్దం పైకి లేపిండు. ఆయనకు సంతోషమే అయింది, ఎన్నడు రాని మనిషి గూడ బతిలాడనీకి అచ్చిందని. "ఏం చెల్లె, నువ్వు గూడ అచ్చినవా?" అన్నడు.

"నేను బతిలాడనీకి రాలేదన్నా. మీరు ఎట్లైన పోతనే ఉన్నరు గదా, నన్ను జర బస్టాండ్ల దింపుండ్రి" అన్నది.

వాడకట్టంత వింటున్నది. ఎదురింటోళ్లు, పక్కింటోళ్లు, అందరికి ఏడాదికొక్కసారి చూసే ఆటాయె, గోడల మీదికెళ్లి తలకాయలు లేసినయి. అల్లుడు అత్తమ్మ దిక్కు చూసిండు. బావ దిక్కు చూసిండు. దిగుదామంటే మామ ఇంక రాలే, దగ్గలే, ఎవలు బతిలాడిండ్రని దిగాలె? దిగకుంట, పోకుంట ఉందామంటే, ఇన్నేండ్ల సంది పోతా పోతా అని కూసున్నది ఉత్తదేనా అని వాడ నవ్వుతది. నాకైతే నవ్వు ఆగక చీరకొంగు నోట్ల కుక్కుకున్న.

చావి తిప్పిండు. మా గేటు ముంగట ఆ బండి అలుక యాల్లల మోగుడు అదే మొదటిసారి. అక్క ఎనుక సీటు మీద ఒకపక్కకు కూసోని, సంచి ఒళ్లె పెట్టుకొని, "అత్తమ్మా, కూరల ఉప్పు సరిపోయింది. పోయస్త" అన్నది. ఇద్దరు మూలమలుపు తిరిగి పోయిండ్రు.

గప్పుడు మామ తువ్వాల సర్దుకుంట గేటు దాక అచ్చిండు. దగ్గిండు. "అల్లుడా" అని, ఖాళీ జాగ చూసి ఆగిపోయిండు. మా ఆడబిడ్డ నెత్తి కొట్టుకున్నది, "వామ్మో, నిజంగనే పోయిండే! ఎన్నడు పోలేదు గదనే!" అని. అత్తమ్మ అల్లుడు పోయిండని ఏడ్చింది. బావ అల్లుడు పోయిండని తల వట్టుకున్నడు. అక్క పోయింది అని ఒక్కలు అనలే.

నాకు ఇగ ఓపిక అయిపోయింది. "నేను వడ్డిస్తున్న, తినేటోళ్లు రాండ్రి" అని ఒర్లి, ముందుగాల నాకే పెట్టుకొని కూసున్న. నా పెండ్లయినంక ఆ ఇంట్ల యాటకూర ఉడుకుడుకుగ తిన్నది ఆ దినమే. ఎంత కమ్మగుందో చెప్పలేను. అక్క చేతి కూర గింత మంచిగుంటదని అప్పటిదాక నాకే సక్కగ తెల్వదు.

జరసేపటికి మా గల్లీలకెళ్లి ఒక బండి మెల్లగ పోయింది. మళ్ల ఎనకకు అచ్చింది. మా గేటు కాడికచ్చి ఆరన్ కొట్టి మళ్ల పోయింది. లోపల అందరు శోకంల ఉన్నరు, బయటికి పోయి చూసే తెలివి ఎవలికున్నది? ఆఖరికి మా ఆయనకు ఫోన్ అచ్చింది. "మీ వదినెను బస్సెక్కిచ్చిన. కిటికి పక్కపొంటి సీటు దొరికింది. ఇంకేమన్న పనున్నదా?" అన్నడు అల్లుడు. మా ఆయన అమాయకుడు, "ఏం లేదు బావా" అన్నడు. అల్లుడు ఫోన్ పెట్టెయ్యలే. నేనే ఫోన్ గుంజుకొని, "అన్నా, కూర సల్లారుతుంది, రా" అన్న. వెంటనే అచ్చిండు. చప్పుడు చెయ్యకుంట కూసోని, రెండోసారి బగార అడిగి పెట్టిచ్చుకొని తిన్నడు. మేకనో పొట్టేలో ఆయనకు ఇగ పట్టింపు లేకపాయె.

అల్లుడు తిన్నంకనే వాళ్లకు అక్క యాదికచ్చింది. కోడలు ఎందుకు పోయింది? మామ సోంచాయించిండు. అత్తమ్మ సోంచాయించింది. పోతనని ముందే చెప్పింది, సరే అన్నరు, అందుకే పోయింది అన్నది వాళ్లకు తట్టలే. అలిగింది అని తేల్చిండ్రు. బావ ఫోన్ చేసిండు, ఎత్తలే. బస్సుల వినవడలేదేమో. వీళ్లకైతే అలుక ఖరారైంది.

పొద్దు గూకినంక సిరిసిల్ల నుంచే ఫోన్ అచ్చింది. అక్కోళ్ల అమ్మ. మా అత్తమ్మ స్పీకర్ పెట్టింది. "మా బిడ్డ ఏం తప్పు చేసింది వదినె?" అని ఆమె ఒకటే భయం. ఏమైందంటే, అక్క బస్సు దిగి సంచితోని ఇంట్ల అడుగు పెట్టంగనే వాళ్లమ్మ అడిగిన మొదటి మాట, "కొట్లాడి అచ్చినవా బిడ్డా?" అని. లేదు, తిననీకి అచ్చిన అన్నదట. ఎవలు నమ్మలే. దసరా నాడు పెద్దకోడలు తిననీకి తల్లిగారింటికి అస్తదా ఎన్నడన్న?

ఇగ రెండిండ్లోళ్లు కలిసి, జరగని కొట్లాటకు రాజీ మొదలువెట్టిండ్రు. "తెల్వక అచ్చింది వదినె, మనసుల పెట్టుకోకుండ్రి" అని ఆమె. "మేమేమనలే వదినె, మీ అల్లుడే ఏమన్న అన్నడేమో" అని ఈమె. "నేనేమనలే, ఒట్టు" అని బావ. వాళ్లు మాఫీ అడుగుతున్నరు, వీళ్లు మాఫీ చేస్తున్నరు. "ఆమె అడిగింది, మీరందరు సరే అన్నరు, పోయింది! గింతే!" అని నేను మధ్యల ఒర్లిన. అత్తమ్మ నన్ను ఊకో అన్నట్టు చెయ్యి ఊపింది.

ఆఖరికి మామ ఫోన్ దగ్గరికి జరిగిండు. కోడలికియ్యుండ్రి అన్నడు. దగ్గిండు. ఆయన గొంతుల నిజంగనే బాధ ఉన్నది, అదే నాకు ఇంక మండింది. "బిడ్డా, పోవాలనుంటే ఒక్క మాట అడగద్దా? ఎవలమన్న వద్దంటుంటిమా?" అన్నడు.

అటు దిక్కు గిన్నెల చప్పుడు, నలుగురు నవ్వుడు వినవడుతుంది. అక్క నోట్ల ముద్ద ఉన్నట్టుంది, మింగింది.

"అడుగుడు అయిపోయింది మామా" అన్నది. గొంతుల కోపం లేదు. "వచ్చే దసరాకు గూడ నేను ఈడనే తింట. ఇప్పుడే చెప్తున్న."

మామ భుజం మీద తువ్వాల సర్దుకున్నడు. గంతల ఆడ అక్క తమ్ముడు అడిగేది మా అందరికి సాఫ్‌గ వినవడ్డది, "అక్కా, ఇంకో తునక ఎయ్యనా?" అని.

"ఎయ్యిరా" అని అక్క ఫోన్ పెట్టేసింది.